వెన్నుపూస బాగా జారినవారికి చిన్న కోతల ఆపరేషన్: ముందూ తర్వాతా చూసుకోవలసినవి

నేను ఫిజియోథెరపిస్టును. వెన్నెముకకు ఆపరేషన్ అయినవారిని మర్నాడు మంచం దింపి నడిపించడం నా పని. కోత చిన్నది కాబట్టి వారం తిరిగేసరికి పొలానికో దుకాణానికో వెళ్లిపోవచ్చనే నమ్మకంతో చాలామంది వస్తారు. చర్మం మీద కోత చిన్నదే, లోపలి పని పెద్దది. గొట్టం లాంటి సాధనం గుండా, రెండు పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కును తీసేస్తారు. ఆ ఖాళీలో ఎముక పొడి నింపిన కేజ్ (చిన్న పెట్టెలాంటి ఆసరా) పెట్టి, పూసలను స్క్రూలతో, కడ్డీలతో బిగిస్తారు. కండరాలను ఎక్కువగా చీల్చరు కాబట్టి రక్తస్రావం తక్కువ, లేచి తిరగడం త్వరగా మొదలవుతుంది. కానీ పూసలు ఒకే ఎముకగా అతుక్కోవడానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. సెలవులు, ఇంటి పనులు ఆ లెక్కన సర్దుకోండి.

ముందు పూస ఎంత జారిందో తెలుసుకోండి. 1932 నాటి మేయర్డింగ్ కొలతనే డాక్టర్లు ఇప్పటికీ వాడతారు. కింది పూస పైభాగాన్ని నాలుగు పాళ్లు చేసి, పై పూస ఎన్ని పాళ్లు ముందుకు వచ్చిందో చూస్తారు. సగం దాటితే, అంటే గ్రేడ్ 3 నుంచి, తీవ్రమైనది. నొప్పి తీవ్రత వేరు, జారుడు తీవ్రత వేరు. గ్రేడ్ 1తో విలవిల్లాడేవారూ ఉంటారు. ఎంఆర్‌ఐ పడుకోబెట్టి తీస్తారు కాబట్టి అందులో జారుడు తక్కువగా కనిపించవచ్చు. నిలబెట్టి పక్క నుంచి తీసిన ఎక్స్‌రే తప్పనిసరిగా ఉండాలి.

సర్జన్‌ను రెండు ప్రశ్నలు అడగండి. నా జారుడుకు చిన్న కోతలు సరిపోతాయా? జారిన పూసను వెనక్కి లాగుతారా, ఉన్నచోటే బిగిస్తారా? తీవ్రమైన జారుడు ఎక్కువగా ఎల్5, ఎస్1 పూసల మధ్య, అంటే నడుము చివరి పూసకూ దాని కిందనున్న త్రికాస్థికీ మధ్య ఉంటుంది. అక్కడ పూసను వెనక్కి లాగితే ఎల్5 నరం సాగి, పాదం పైకి లేవకుండా వేలాడిపోయే ప్రమాదం ఉంది. ఆపరేషన్ జరుగుతుండగా నరాల పనితీరు కనిపెట్టే యంత్రం వాడతారా అని కూడా అడగండి. పెద్ద కోతే మేలని డాక్టర్ కారణం చూపి చెబితే, చిన్న కోత చేస్తామనేవారి కోసం ఊళ్లు తిరగకండి.

మూత్రం బిగుసుకుపోయినా, మలమూత్రాలపై పట్టు తప్పినా, తొడల నడుమ స్పర్శ పోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి.

బీడీ, చుట్ట, ఖైనీ ఏదైనా ఆపరేషన్‌కు వారాల ముందే మానాలి. పొగాకులోని నికోటిన్ ఎముకను సరిగా అతుక్కోనివ్వదు. షుగర్ అదుపులోకి తెచ్చుకోండి. రక్తం పలచబడే మాత్రలు ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. వయసు యాభై దాటితే ఎముక సాంద్రత పరీక్ష గురించి అడగండి, గుల్లబారిన ఎముకలో స్క్రూ నిలవదు. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఖర్చు సంగతి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రతో ముందే మాట్లాడండి.

ఇంటి ఏర్పాట్లు ఆసుపత్రిలో చేరకముందే పూర్తి చేయాలి. నేల మీద పరుపు, కింద కూర్చుని భోజనం, కత్తిపీట, గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి కొన్ని నెలలపాటు వద్దు. కుర్చీ కమోడ్ లేకపోతే మధ్యలో రంధ్రం ఉన్న ప్లాస్టిక్ కుర్చీ కొనండి. స్నానానికి ఎత్తైన స్టూలు, నడుము ఎత్తులో బకెట్ ఉండాలి. పప్పు డబ్బాలు, రోజువారీ గిన్నెలు గట్టు మీదికి చేర్చండి. బిందె మోయడం, వంగి ముగ్గు వేయడం వేరేవారికి అప్పగించండి. ఈ చివరి మాట దగ్గరే అమ్మలు నాతో వాదనకు దిగుతారు. నేను తగ్గను.

మంచం దిగే పద్ధతి ఇంట్లోనే సాధన చేసి రండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. భుజాలు, నడుము, మోకాళ్లు దుంగలా ఒకేసారి పక్కకు తిప్పండి. కాళ్లు మంచం అంచు దాటి కిందికి జారుతుండగా, పైనున్న అరచేతితోనూ కిందనున్న మోచేతితోనూ పరుపును నొక్కి లేవండి. పడుకునేటప్పుడు ఇదే వరుసను చివరి నుంచి మొదటికి చేయండి. పక్కనున్నవారు ప్రేమకొద్దీ చేతులు పట్టి లాగుతారు, అది నడుమును మెలితిప్పుతుంది. భుజం వెనక ఆసరా ఇస్తే చాలు.

ఆసుపత్రి నుంచి ఇంటికి కారులో, ముందు సీటును కాస్త వెనక్కి వాల్చి కూర్చుని రండి, ఆటో వద్దు. రోజుకు చాలాసార్లు కొద్దికొద్దిగా నడవండి. కూర్చోవడం ఒక్కోసారికి అరగంట మించవద్దు. కుట్ల మీద పసుపు, నూనె రాయకండి. జ్వరం వచ్చినా, గాయం చెమ్మగిలినా, పాదంలో కొత్తగా బలం తగ్గినా వెంటనే ఫోన్ చేయండి. నొప్పి మాత్రలు దుకాణంలో అడిగి తెచ్చుకోకండి. కొన్ని రకాలు ఎముక అతుక్కోవడాన్ని మందగింపజేయవచ్చు. వీడియోలు చూసి ఆసనాలు వేయడమూ వద్దు.

బండి ఎప్పుడు నడపవచ్చని మగవాళ్లందరూ అడుగుతారు. డాక్టర్ మళ్లీ ఎక్స్‌రే తీసి ఎముక పట్టు చూసి చెప్పేదాకా తాళంచెవి ఇంట్లో వేరేవారి దగ్గర ఉంచండి.