తాతగారి యుద్ధ పతకాలు: అంచు చదివి ఆనవాలు పట్టడం ఎలా

మద్రాస్ సాపర్ల (సైన్యంలో వంతెనలు, దారులు వేసే ఇంజనీరు సిపాయిల) కేంద్రం హలసూరు చెరువు పక్కనే ఉండటంతో బెంగుళూరు తెలుగిళ్ల ట్రంకుపెట్టెల్లోంచి ఇలాంటి పతకాలు అప్పుడప్పుడు బయటపడుతుంటాయి. చింతపండు, పీతాంబరి, టూత్‌పేస్ట్ వాటి దగ్గరికి రానీయకండి. రుద్దితే ముందు అరిగేది అంచు మీది అక్షరాలే, మనకి కావలసిన రుజువేమో అక్కడుంది.

పతకాన్ని మెత్తని బట్ట మీద నిలబెట్టి ఫోను టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేయండి. ఎదురుగా వేస్తే మెరుపు తప్ప ఏమీ కనబడదు. అంచును కొంచెం కొంచెం తిప్పుతూ ఫొటోలు తీయండి. మొదటి ప్రపంచయుద్ధపు పతకాల మీద సిపాయి నంబరు, హోదా, పేరు, పటాలం ఉంటాయి. 1914-15 స్టార్‌కైతే వీపు చూడాలి. ‘2 క్యూ.వి.ఓ. సాపర్స్ అండ్ మైనర్స్’ అంటే మద్రాస్ సాపర్లే. పేరు స్పెల్లింగ్ దొర చెవికి విన్నట్టు ఉంటుంది, ఇంటిపేరు చాలాసార్లు ఉండదు. అందుకే నంబరే ముఖ్యం.

ఇంద్రధనుస్సు రిబ్బన్, రెక్కల దేవత ఉన్న విక్టరీ మెడల్‌ని శౌర్యపతకం అనుకుంటారు, కొందరు ఏకంగా బ్రిటిష్ వారి అత్యున్నత శౌర్యపతకం విక్టోరియా క్రాస్ చేసేస్తారు. అది యుద్ధరంగంలో పనిచేసిన లక్షలమందికి వచ్చిన పతకం. దాని వెనక 1914-1919 అనీ, జోడీగా వచ్చే వెండి పతకం మీద 1914-1918 అనీ ఉంటుంది, కంగారుపడకండి. ఆ వెండిదాన్నే కూలీ దళాలకి కంచులో ఇచ్చారు, కాబట్టి కంచుది దొరికితే నకిలీ అని పారేయొద్దు. విక్టరీ రిబ్బన్ మీద చిన్న కంచు ఓక్ ఆకు ఉందా? ఉంటే సేనాధిపతి నివేదికలో ఆ మనిషి పేరు ప్రస్తావించారన్నమాట.

అసలు శౌర్యపతకాలు రెండు ఎక్కువగా తికమకపెడతాయి. ఇండియన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్ (1837) ఎనిమిది కోణాల నక్షత్రం, రిబ్బన్ నడుమ నీలం, అంచులు ఎరుపు. 1907లో వచ్చిన ఇండియన్ డిస్టింగ్విష్డ్ సర్వీస్ మెడల్ గుండ్రని వెండిది, రిబ్బన్ నడుమ ఎరుపు, అంచులు నీలం. విక్టోరియా క్రాస్‌కి భారతీయ సిపాయిలు అర్హులైంది 1911లో.

రెండు యుద్ధాల పతకాలూ ఒకే పెట్టెలో ఉన్నంతమాత్రాన ఒక్కరివే అనుకోకూడదు. 1914లో పద్దెనిమిదేళ్లవాడికి 1939లో నలభై మూడు. సుబేదార్ దాకా ఎదిగి ఉండాలి, లేదా పింఛను తీసుకున్నాక మళ్లీ పిలిచి ఉండాలి. లేకపోతే రెండోవి కొడుకువి కావచ్చు. రెండో యుద్ధపు స్టార్లు ఆరు కోణాలవి, చాలావాటి మీద పేరుండదు. ఏ స్టారో లోహం మీదే రాసి ఉంటుంది. రిబ్బన్‌ని నమ్మకండి, ఎవరో మార్చి ఉండొచ్చు.

శౌర్యపతకమైతే బ్రిటిష్ ప్రభుత్వ రాజపత్రం లండన్ గెజెట్‌ని ఆన్‌లైన్లో ఉచితంగా వెతకండి. రెండో యుద్ధపు సిఫారసు పత్రాలు బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 373 వరుసలో ఉన్నాయి. సాపర్ అని తేలితే ఎంఈజీ (మద్రాస్ ఇంజనీర్ గ్రూప్, మద్రాస్ సాపర్ల ఇప్పటి పేరు) రికార్డ్ ఆఫీసుకి రాయండి: నంబరు, హోదా, అంచు మీద ఉన్నట్టే పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, చేరిన ఏడు, మీ బంధుత్వం. జిల్లా ఇప్పటిది కాదు, అప్పటిది రాయాలి. మదనపల్లె 1911 దాకా కడప జిల్లాలో ఉండేది, తర్వాతే చిత్తూరు. పతకాలు మాత్రం పంపకండి, ఫొటోలు చాలు.