ఆఫ్‌రోడ్ బండితో ఏళ్ల తరబడి తిరగాలంటే ఏం మార్చాలి, ఏం వదిలేయాలి

కొత్తగా ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండి) కొన్న కుర్రాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే. "అక్కా, ముందు ఏం వేయించమంటారు?" ఒక ఏడాదిపాటు ఏమీ వేయించొద్దంటాను. మొహాలు చిన్నబోతాయి. అయినా మాట మార్చను. కంపెనీ ఇచ్చిన బండిని ఇచ్చినట్టే ఏడాది నడిపితే దాని పొట్ట ఎక్కడ రాయికి తగులుతోందో, గుంత దాటేటప్పుడు ఏ చక్రం గాల్లోకి లేస్తోందో తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, మీరు నిజంగా ఎలాంటి దారుల్లో తిరిగే మనుషులో తెలుస్తుంది. ఇసుకలో తిరిగే బండికి కావలసినవి వేరు, రాళ్లెక్కే బండికి కావలసినవి వేరు. అది తెలియకుండా కొన్న సామానులో సగం ఆ తర్వాత షెడ్డులోనే పడి ఉంటుంది.

ఒకే బండితో ఇన్నేళ్లు తిరిగాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఇది: బండికి ఏది బిగించినా డబ్బు ఒక్కసారే పోతుంది, బరువు మాత్రం ప్రతి కిలోమీటరూ మోయాల్సిందే. స్ప్రింగులు, బేరింగులు, బ్రేకులు, టైర్లు, క్లచ్, ఇవన్నీ అరిగేది ఆ బరువు వల్లే. అందుకే నా మాడిఫికేషన్ల లెక్కలో తగిలించినవాటితో పాటు తీసేసినవి కూడా ఉంటాయి.

ముందు కాటా ఎక్కించండి

ప్రయాణానికి పూర్తిగా సిద్ధమైన బండిని, అంటే ట్యాంకు నిండా డీజిల్, నీళ్లు, సామాను, మనుషులు అందరితో సహా, వే బ్రిడ్జి మీద తూకం వేయించండి. ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, మొత్తం బండి ఒకసారి. బండి గరిష్ఠంగా ఎంత బరువు ఉండొచ్చో తయారీదారు ప్లేటు మీద, మాన్యువల్లో రాసి ఉంటుంది. ఒక్కో యాక్సిల్‌కి, అంటే ఇరుసుకి, విడిగా కూడా పరిమితి ఉంటుంది. మొత్తం బరువు హద్దులోనే ఉన్నా వెనక యాక్సిల్ హద్దు దాటిపోవడం చాలా బండ్లలో కనిపిస్తుంది.

లెక్క కష్టమైందేమీ కాదు. 60 లీటర్ల నీళ్లంటే 60 కిలోలు. 20 లీటర్ల డీజిల్ దాదాపు 17 కిలోలు, క్యాన్ బరువు వేరు. స్టీలు బంపర్, దానిలో విన్చ్ (ఇరుక్కున్న బండిని తాడు చుట్టి లాగే యంత్రం) పెడితే ముందు యాక్సిల్ మీద ఒక మనిషి అదనంగా కూర్చున్నట్టే.

రూఫ్ ర్యాక్ సంగతి విడిగా చెప్పాలి. మాన్యువల్లో పైకప్పు మోయగలిగిన బరువు రాసి ఉంటుంది. సాధారణంగా ర్యాక్ బరువు కూడా అందులోనే కలుస్తుంది. గతుకుల దారిలో ఆ బరువు ఎగిరెగిరి పడుతుంది కాబట్టి ఆఫ్‌రోడ్‌లో అంతకంటే బాగా తక్కువే పెట్టాలి. పైన బరువు పెరిగితే పక్కకు వాలిన దారిలో బండి బోర్లా పడే ప్రమాదం పెరుగుతుంది. నేను పైన దుప్పట్లు, రికవరీ బోర్డులు (ఇరుక్కున్న చక్రాల కింద పెట్టే పలకలు) తప్ప ఇంకేం పెట్టను. నీళ్లు, పనిముట్లు, బ్యాటరీ లాంటి బరువైనవన్నీ కింద, రెండు యాక్సిళ్ల మధ్య, ముందు సీట్ల వెనకే రావాలి. వాటిని బెల్టులతో బిగించి కట్టాలి. బండి పల్టీ కొడితే జాకీ తలకు తగులుతుందన్న విషయం ఒక్కసారి ఆలోచించండి, కట్టకుండా ఎప్పుడూ బయల్దేరరు.

ప్రతి ప్రయాణం నుంచి వచ్చాక సామానంతా నేల మీద పరిచి చూస్తాను. ఫస్ట్ ఎయిడ్, పంక్చర్ కిట్, తాళ్లు లాంటివి వాడకపోయినా ఉండాల్సిందే. మిగతావాటిలో వరసగా రెండు ప్రయాణాల్లో చెయ్యి పడని వస్తువు మూడోసారి బండెక్కదు.

టైర్లు, వాటిలో గాలి

ఏడాది గడిచాక డబ్బు పెట్టాల్సిన మొదటి చోటు ఇదే. దానికంటే ముందు డబ్బు పెద్దగా అక్కర్లేని పని ఒకటుంది. మంచి ప్రెషర్ గేజ్, ఒక చిన్న కంప్రెసర్ కొని, గాలి తగ్గించడం నేర్చుకోండి.

ఒకసారి ఇసుక అంచున బండి ఆపి, చక్రం పక్కన కూర్చుని చూడండి. 35 పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత) దగ్గర టైరు నేలను ఆనుకున్న చోటు పొట్టిగా ఉంటుంది. వాల్వు నొక్కి వదులుతూ పోతే 25 దగ్గర పక్కగోడ కొంచెం మెత్తబడుతుంది, 18 దగ్గర కింద పొంగి స్పష్టంగా కనిపిస్తుంది. వెడల్పు పెరిగిందనుకుంటారు గానీ, ఆనిన చోటు ఎక్కువగా పెరిగేది పొడవులోనే. అదే బరువు ఎక్కువ నేల మీద పరుచుకుంటుంది, చక్రం ఇసుకను తవ్వకుండా దాని మీద నడుస్తుంది. మా బండి బరువుకి మెత్తటి ఇసుకలో 15 నుంచి 18, గతుకుల మట్టిరోడ్డు మీద 25 దగ్గర సరిపోతుంది. మీ బండికి ఎంతో మీరే కొద్దికొద్దిగా తగ్గిస్తూ చూసుకోవాలి. 12కి దిగితే మలుపు తిప్పేటప్పుడు టైరు రిమ్ము నుంచి ఊడొచ్చు. గాలి తక్కువున్నంతసేపు నెమ్మదిగా పోవాలి, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పకూడదు. గట్టి రోడ్డు ఎక్కగానే గాలి మళ్లీ నింపాలి. తక్కువ గాలితో వేగంగా పోతే పక్కగోడ పదేపదే మడతపడి వేడెక్కి టైరు పేలిపోతుంది. "ఇంకో పది కిలోమీటర్లేగా" అని ఎవరన్నా నేను ఒప్పుకోను.

ఇక సైజు. 31 అంగుళాల టైరు తీసి 33 వేస్తే బండి ఎత్తు పెరిగేది ఒక్క అంగుళమే, ఎందుకంటే రెండో అంగుళం ఇరుసు పైన ఉంటుంది. స్పీడోమీటరు 100 చూపిస్తుంటే నిజంగా 106 మీద పోతుంటారు. గేర్లు బరువెక్కుతాయి, క్లచ్ మీద భారం పడుతుంది, బ్రేకు పట్టడానికి ఇంకాస్త దూరం కావాలి, వెనక డోరుకి స్టెప్నీ ఉంటే దాని కీళ్లు వదులవుతాయి. కంపెనీ సైజు, లేదా దానికి ఒక్క మెట్టు పైన. అంతకు మించి వెళ్లొద్దనే నా సలహా. రకం విషయంలో అన్ని దారులకూ పనికొచ్చే ఆల్ టెర్రైన్ చాలు. మడ్ టెర్రైన్ బురదలో బాగుంటుంది, కానీ ప్రయాణంలో ఎక్కువ భాగం మామూలు రోడ్డే. అక్కడ అది మోత పెడుతుంది, తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది.

స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి. వేర్వేరు సైజులతో ఫోర్ వీల్ డ్రైవ్ వేస్తే డిఫరెన్షియల్ (మలుపులో చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) దెబ్బతింటుంది. పక్కగోడ మీద చివరి నాలుగు అంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. అరగకపోయినా రబ్బరు ముసలిదవుతుంది, స్టెప్నీ మరీను. అందుకే నేను అయిదింటినీ వంతులవారీగా మారుస్తుంటాను.

స్ప్రింగులు, షాకబ్జార్బర్లు

బండి ఎత్తు పెంచడం అందంగా ఉంటుంది, నాకూ ఇష్టమే. అయితే రెండు అంగుళాల దగ్గర ఆగండి. అంతకు మించితే ప్రొపెల్లర్ షాఫ్టు (యాక్సిల్‌కి శక్తి చేరవేసే కడ్డీ) జాయింట్లు వంకర కోణంలో తిరిగి త్వరగా అరుగుతాయి, స్టీరింగ్ దానంతటది మధ్యకు రావడం తగ్గుతుంది, చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు బ్రేకు గొట్టం బిగుసుకుంటుంది. పని అయ్యాక బండిని జాకీ మీద లేపి, చక్రాలు వేలాడేసి, బ్రేకు గొట్టాలకు ఇంకా వదులుందో లేదో మీ కళ్లతో చూడండి. తర్వాత అలైన్‌మెంట్ చేయించండి.

స్ప్రింగు ఎంచుకోవాల్సింది బండిలో ఎప్పుడూ ఉండే బరువును బట్టి. సంవత్సరానికి ఒకసారి మోసే బరువుని చూసి గట్టి స్ప్రింగులు వేయిస్తే మిగతా రోజులంతా ఖాళీ బండి ఎగురుతుంది. చక్రం నేలను వదిలితే పట్టు ఎక్కడిది?

షాకబ్జార్బర్ల గురించి ఒక చిట్కా. అలలు అలలుగా ఉండే మట్టిరోడ్డు మీద గంటసేపు నడిపాక బండి ఆపండి. చేతిని ఆనించకుండా ఒక్కో షాక్ దగ్గరగా పెట్టి వేడి చూడండి. షాక్ పని చేస్తుంటే ఆ కుదుపుల శక్తంతా వేడిగా మారుతుంది, కాబట్టి వేడిగానే ఉండాలి. ఎడమది బాగా వేడెక్కి, అదే యాక్సిల్‌కి కుడి పక్కది చల్లగా ఉందంటే ఆ చల్లటిది పనిచేయడం లేదన్నమాట. నూనె కారకముందే ఇది తెలిసిపోతుంది. అన్నీ విపరీతంగా వేడెక్కితే అరగంట ఆగండి, బయల్దేరాక వేగం తగ్గించండి.

ఏ చక్రానికి శక్తి వెళ్తోంది

మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానమైన బలమే ఇస్తుంది. ఒక చక్రం గాల్లో ఉంటే దాన్ని తిప్పడానికి కావలసిన బలం దాదాపు సున్నా, కాబట్టి నేల మీదున్న చక్రానికి అందేదీ అంతే. ఫోర్ వీల్ డ్రైవ్ ఉండి కూడా ఎదురెదురు మూలల్లో రెండు చక్రాలు లేవగానే బండి కదలకపోవడానికి కారణం ఇదే. వెనక యాక్సిల్‌కి లాకర్ ఉంటే ఆ రెండు చక్రాలూ కలిసే తిరుగుతాయి. బరువు పెద్దగా పెంచకుండా ఇంత పని చేసి పెట్టేది ఇంకొకటి లేదు, అందుకే దీన్ని మనస్ఫూర్తిగా సిఫార్సు చేస్తాను. ఇప్పటి బండ్లలో ట్రాక్షన్ కంట్రోల్ తిరిగిపోయే చక్రానికి బ్రేకు వేసి కొంతవరకు ఆ పని చేస్తుంది. అది మీకు చాలుతుందో లేదో ఆ మొదటి ఏడాదిలో తెలుస్తుంది.

ముందు, వెనక యాక్సిళ్ల మధ్య ఉండే సెంటర్ డిఫరెన్షియల్ లేని పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్‌ని పొడి తారురోడ్డు మీద వేయకండి. మలుపులో ముందు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాలి. ఆ వీలు లేక గేర్లు బిగుసుకుపోతాయి. నిటారు దిగుడులో ఫోర్ లో (ఫోర్ వీల్ డ్రైవ్‌లో వేగం తక్కువ, బలం ఎక్కువ ఇచ్చే స్థానం), మొదటి గేరు వేసి క్లచ్ మీంచి కాలు తీసేయండి, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఎక్కుడులో మధ్యలో ఆగిపోతే బండిని అడ్డంగా తిప్పకండి. రివర్స్ గేరులో, వచ్చిన దారినే, నిటారుగా వెనక్కి దిగండి.

నీళ్లు

వాగు దాటాలంటే మా ఆయన కర్ర పట్టుకుని ముందు నడిచి చూస్తారు, ఆయన అవతలి గట్టెక్కాకే నేను బండి దించుతాను. ఆయన నడవలేని ప్రవాహంలోకి బండీ దిగదు.

స్నోర్కెల్ (ఇంజనుకి గాలిని ఎత్తు నుంచి అందించే గొట్టం) గురించి అందరూ అడుగుతారు, బ్రీదర్ గొట్టాల గురించి ఎవరూ అడగరు. యాక్సిల్, గేర్‌బాక్స్ లోపలి గాలి వేడికి వ్యాకోచించి బయటికి పోవడానికి పైన చిన్న రంధ్రం ఉంటుంది. వేడి మీదున్న యాక్సిల్ చల్లటి నీళ్లలో మునగగానే లోపలి గాలి కుంచించుకుని ఆ రంధ్రం గుండా, సీళ్ల గుండా నీళ్లు లోపలికి పీలుస్తుంది. ఒక సన్నటి గొట్టం తగిలించి దాన్ని బానెట్ కింద పై వరకు తెస్తే సరిపోతుంది. లోతైన నీళ్లు దాటి వచ్చాక డ్రెయిన్ ప్లగ్గు వదులు చేసి నూనె చూడండి, పాలు కలిసినట్టు తెల్లబడి ఉంటే వెంటనే మార్చాలి.

నీళ్లలో ఇంజను ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. సిలిండర్లోకి నీళ్లు చేరి ఉంటే, గాలిలా అవి కుదించుకోవు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది.

ఇరుక్కున్నప్పుడు

ముందు పార. నాలుగు చక్రాల ముందూ తవ్వి, గాలి ఇంకొంచెం తగ్గించి, బోర్డులు పెడితే చాలాసార్లు అక్కడితో బయటపడతారు. తాడుతో లాగాల్సి వస్తే బండి ఛాసిస్‌కి బిగించిన, ఎంత బలం తట్టుకుంటుందో రాసి ఉన్న రేటెడ్ రికవరీ పాయింటుకే తగిలించండి. ట్రెయిలర్ లాగే టో బాల్‌కి తాడు ఎప్పుడూ వేయొద్దు. అది విరిగి దూసుకొచ్చి మనుషుల ప్రాణాలు తీసిన సంఘటనలు ఉన్నాయి. సాగే తాడుతో లాగేటప్పుడు డ్రైవర్లు తప్ప అందరూ తాడు పొడవుకి ఒకటిన్నర రెట్ల దూరంలో, పక్కకు నిలబడాలి.

విన్చ్ కొనేవాళ్లు దాని సామర్థ్యం నిండు బండి బరువుకి ఒకటిన్నర రెట్లు ఉండేలా చూసుకోండి. విన్చ్ మీద రాసిన సామర్థ్యం డ్రమ్ము మీద తాడు మొదటి పొరకే, పొరలు పెరిగేకొద్దీ లాగే బలం తగ్గుతుంది. పుల్లీ బ్లాక్ వాడితే బలం దాదాపు రెట్టింపు, వేగం సగం. ఒంటరిగా బురద దారుల్లో తిరిగేవాళ్లకు విన్చ్ కావాలి. తోడు బండి ఉన్నవాళ్లకు అంత బరువు అవసరం లేదు.

కరెంటు

రెండో బ్యాటరీ పెడితే వైరు బ్యాటరీని వదిలిన చోటే, వీలైనంత దగ్గరగా, ఫ్యూజు ఉండాలి. లోహపు అంచు దాటే ప్రతి చోటా వైరుకి తొడుగు వేయాలి. వేసిన మొదటి రోజు చక్కగా ఉన్న వైరు కుదుపులకు ఒరుసుకుని ఏళ్ల మీద పై పొర ఊడి మంట పెడుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఏ లోడూ లేనప్పుడు 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగానికి వచ్చినట్టు. ఆ కిందికి దించుతూ పోతే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది.

ఏళ్ల తరబడి చేయాల్సిన పని

నట్లన్నీ సరిగ్గా బిగించాక, నట్టు మీంచి పక్కనున్న లోహం మీదికి పసుపు పెయింటుతో ఒక గీత గీస్తాను. సాయంత్రం బండి ఆపాక టార్చి వేసి కింద పడుకుని చూస్తే, గీత విరిగిన చోట నట్టు తిరిగిందని తెలిసిపోతుంది. పానా పట్టాల్సింది దానికే. చక్రం విప్పి బిగిస్తే 50, 100 కిలోమీటర్ల మధ్య ఆగి వీల్ నట్లు మళ్లీ చూడాలి.

బండి కింది భాగం కడగడం శుభ్రత కోసమే కాదు, పగుళ్లు కనిపించడానికి. షాక్ బిగించిన చోట్లు, స్టీరింగ్ బాక్సు చుట్టూ, రూఫ్ ర్యాక్ కాళ్లు, బ్యాటరీ ట్రే, ఇవి ముందు పగులుతాయి. పెయింటు మీద వెంట్రుకంత సన్నటి తుప్పు గీత కనిపిస్తే అక్కడ పగులు మొదలైనట్టే. ఒకసారి మాతో వచ్చిన స్నేహితుడి బండిలో బ్యాటరీ ట్రే కింద అలాంటి గీత పొద్దున్నే కనబడింది. బ్యాటరీని బెల్టుతో కట్టి, దగ్గర్లోని వెల్డింగ్ షాపుకి చేరి అతికించుకున్నాం. సముద్రపు ఇసుకలో తిరిగితే అదే రోజు మంచినీళ్లతో కడగాలి, నీళ్లలో దిగి వచ్చాక గ్రీజు నిపుల్స్‌కి కొత్త గ్రీజు ఎక్కించాలి.

మార్చిన ప్రతి భాగాన్ని తేదీ, కిలోమీటర్లతో నోటుబుక్కులో రాయండి. టైర్ల సైజు, ఎత్తు లాంటి మార్పులకు మీరున్న చోట చట్టం ఒప్పుకుంటుందా, బీమా వర్తిస్తుందా అనేది పని మొదలెట్టకముందే కనుక్కోండి. తీసేసిన కంపెనీ భాగాలు అమ్మకండి. దూరప్రాంతంలో ప్రత్యేకమైన షాక్ పాడైతే ఆ పార్టు దొరకదు, పాత కంపెనీది దొరుకుతుంది, లేదా ఇంటి నుంచి పంపించుకోవచ్చు.

విడిభాగాల పెట్టె విషయంలో నా పద్ధతి ఇది. బెల్టులు, రేడియేటర్ గొట్టాలు గడువు ప్రకారం మార్చినప్పుడు, ఇంకా పనిచేస్తున్న పాతవాటిని పారేయకుండా పెట్టెలో ఉంచుకుంటాను. అవి ఆ బండికి అచ్చంగా సరిపోతాయని ఇంతకుముందే రుజువైంది కదా. కొత్తది కొని మూటలో మోసి, అవసరమైన రోజు సైజు కుదరక తిప్పలు పడే పని ఉండదు. వాటితో పాటు ఫ్యూజులు, ఒక వీల్ బేరింగు సెట్టు, డీజిల్ ఫిల్టరు, తీగ, క్లిప్పులు, లీటరు గేరు ఆయిలు. ఏడాదికోసారి ఆ పెట్టె ఖాళీ చేసి రబ్బరుని వంచి చూడండి, నెర్రెలు కనిపించినది తీసేయండి.