పాత మ్యూజిక్ ప్లేయర్‌లో ఖాళీ చోటు సంపాదించడం ఎలా?

పాత మ్యూజిక్ ప్లేయర్‌లోకి కొత్త పాట ఎక్కించబోతే మెమరీ నిండిపోయిందని కనిపించగానే చాలామంది చేసే పని ఒకటే: జాబితాలో పైనుంచి కిందికి వస్తూ, ఈ మధ్య వినని పాటలను ఒక్కొక్కటిగా తీసేయడం. 128 కేబీపీఎస్‌లో (అంటే సెకనుకు 128 కిలోబిట్ల నాణ్యతలో) ఉన్న నాలుగు నిమిషాల పాటలు నలభై తీసేసినా వచ్చే చోటు 160 ఎంబీ కూడా ఉండదు. అదే ప్లేయర్‌లో ఎప్పుడో జేబులో ఉండగా బటన్ నొక్కుకుపోయి తయారైన రికార్డింగు ఒక్కటే అంతకు రెండింతలు ఆక్రమించి ఉండవచ్చు. అందుకే ఈ పనిలో పాటలను తీసేయడం అన్నిటికన్నా చివర రావాలి. ముందు పాటలు కానివాటిని, ఆ తరువాత కంటికి కనిపించకుండా దాగినవాటిని, ఆపైన అనవసరంగా లావెక్కిన పాటలను చూసుకుంటే, తీసేయాల్సిన పాటలు మిగలకపోవచ్చు కూడా.

మొదలుపెట్టే ముందు ఒక అనుమానం తీర్చుకోవాలి. డబ్బా మీద 8 జీబీ అని ఉన్న ప్లేయర్‌ను విండోస్‌కు తగిలిస్తే 7.45 జీబీ అనే చూపిస్తుంది. ఎవరూ ఏమీ మింగలేదు. తయారీదారులు ఒక జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తారు, విండోస్ 107 కోట్ల పైచిలుకు బైట్లుగా లెక్కిస్తుంది. మ్యాక్ మాత్రం 2009 నుంచి తయారీదారుల లెక్కనే పాటిస్తోంది కాబట్టి అందులో 8 జీబీగానే కనిపిస్తుంది. దీనికి తోడు ప్లేయర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ కూడా కొన్ని మోడళ్లలో అదే మెమరీలో కొంత భాగం తీసుకుంటుంది. ఈ రెండు తేడాలనూ ఎంత శుభ్రం చేసినా వెనక్కి తెచ్చుకోలేము.

1. ముందుగా పూర్తి నకలు తీసుకోండి

ప్లేయర్‌ను కంప్యూటర్‌కు తగిలించి, అందులో ఉన్నదంతా ఒక కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. పాత ప్లేయర్‌లో తొలగించిన ఫైలు చాలాసార్లు రీసైకిల్ బిన్‌కు వెళ్లదు, నేరుగా పోతుంది. పాత బ్యాటరీల సంగతి తెలిసిందే కాబట్టి ముందే పూర్తిగా ఛార్జ్ చేసి, పని ముగిసేవరకూ కేబుల్ తీయకుండా ఉంచడం మంచిది. ఫైళ్లు రాస్తున్న మధ్యలో ప్లేయర్ ఆగిపోతే కలిగే నష్టం గురించి మూడో మెట్టులో చెబుతాను.

చాలా పాత ప్లేయర్ల సెట్టింగులలో యూఎస్‌బీ మోడ్ అనే ఎంపిక ఉంటుంది. ఎమ్‌టీపీ అనే పద్ధతిలో తగిలిస్తే ప్లేయర్ తాను చూపించదలచిన ఫైళ్లనే చూపిస్తుంది. ఎమ్‌ఎస్‌సీ అనే పద్ధతిలో అయితే మామూలు పెన్‌డ్రైవ్ లాగా ఉన్నదంతా కనిపిస్తుంది. శుభ్రం చేయడానికి రెండోది నయం. కొన్ని ప్లేయర్లలో ఒక పద్ధతిలో ఎక్కించిన ఫైళ్లు మరో పద్ధతిలో తగిలించినప్పుడు అసలు కనిపించవు. చోటు నిండినట్టు చూపిస్తూ ఫోల్డర్లు మాత్రం ఖాళీగా ఉంటే, ఇంకేదీ వెతకకుండా ముందు ఈ మోడ్ మార్చి చూడండి. నకలు కూడా రెండు పద్ధతుల్లోనూ తీసుకోవడం క్షేమం.

2. పాటలు కానివి ఎక్కడున్నాయో చూడండి

ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే అది ఎంత చోటు తీసుకుంటోందో తెలుస్తుంది. ఫోల్డర్లు ఎక్కువగా ఉంటే విండోస్‌లో విన్‌డర్‌స్టాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడవచ్చు. డిస్క్‌లోని ఒక్కో ఫైలును ఒక్కో రంగు గడిగా, సైజుకు తగ్గ వైశాల్యంతో పరచి చూపిస్తుంది కాబట్టి పెద్ద ఫైళ్లు వెతక్కుండానే కంటబడతాయి.

అన్నిటికన్నా ముందు రికార్డ్, వాయిస్, ఎఫ్‌ఎమ్ వంటి పేర్లున్న ఫోల్డర్లు తెరవండి. మైకు, రేడియో ఉన్న ప్లేయర్లు అనేకం తమ రికార్డింగులను ఏ కుదింపూ లేని వేవ్ ఫైళ్లుగా దాచుకుంటాయి. సీడీ నాణ్యతలో స్టీరియో వేవ్ ఫైలు నిమిషానికి 10.6 ఎంబీ దాకా తింటుంది, అంటే గంటకు 635 ఎంబీ. ఒకే ఛానల్ అయినా గంటకు 317 ఎంబీ. ఇవి పాటల జాబితాలో కాక వేరే మెనూలో ఉంటాయి కనుక ఏళ్ల తరబడి ఎవరి కంటా పడవు. నా పాత ప్లేయర్‌లో దొరికినది యాభై నిమిషాల జేబు శబ్దం. మొదటి నిమిషం గుడ్డ రాసుకుంటున్న చప్పుడు తప్ప అందులో ఏమీ లేదు. అయినా ప్రతి రికార్డింగునూ కొద్దిగా విని చూసిన తరువాతే తీయండి. ఈ ఫోల్డర్లలో అప్పుడప్పుడు మళ్లీ దొరకని గొంతులు ఉంటాయి. అలాంటివాటిని కంప్యూటర్‌లో భద్రపరచి ప్లేయర్‌లోంచి మాత్రం తొలగించవచ్చు.

వీడియోలు, ఫొటోలు, కొన్నప్పుడే లోపల ఉన్న నమూనా ఫైళ్లు, వినడం అయిపోయిన పాడ్‌కాస్టులు ఈ మెట్టులోనే పోవాలి. వీటి గురించి ఆలోచించాల్సింది పెద్దగా లేదు.

3. దాగిన ఫైళ్లను బయటికి తీయండి

విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లోని వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్ అనే ఎంపికను ఆన్ చేయండి. మ్యాక్ ఫైండర్‌లో కమాండ్, షిఫ్ట్, చుక్క మీటలను కలిపి నొక్కితే చాలు. అప్పటిదాకా లేని ఫోల్డర్లు మసకగా కనిపిస్తాయి.

ప్లేయర్‌ను ఎప్పుడైనా మ్యాక్‌కు తగిలించి ఉంటే అసలు దొంగ ఇక్కడే దొరుకుతాడు. మ్యాక్‌లో పెన్‌డ్రైవ్ వంటి పరికరం నుంచి ఫైలు తొలగిస్తే అది చెరిగిపోదు. అదే పరికరంలో ట్రాషెస్ అనే పేరుతో దాగిన ఫోల్డర్‌లోకి జరుగుతుంది. మ్యాక్‌లోని ట్రాష్‌ను ఖాళీ చేసేవరకూ, అదీ ప్లేయర్ తగిలించి ఉండగా ఖాళీ చేసేవరకూ, ఆ చోటు తిరిగి రాదు. వంద పాటలు తీసేశాను, ఒక్క ఎంబీ కూడా పెరగలేదేమిటి అని తలపట్టుకునేవారిలో చాలామంది ఇబ్బంది ఇదే. అలాగే చుక్క, దాని వెంటనే కింది గీత, ఆపైన పాట పేరు ఉన్న చిన్న ఫైళ్లు కూడా మ్యాక్ వదిలి వెళ్లినవే. ఒక్కొక్కటీ సాధారణంగా 4 కేబీయే ఉంటుంది గాని, ప్లేయర్ మెమరీ 32 కేబీ గదులుగా విభజించబడి ఉంటే ఎంత చిన్న ఫైలైనా ఒక పూర్తి గదిని ఆక్రమిస్తుంది. రెండు వేల పాటలకు రెండు వేల ఇలాంటి ఫైళ్లుంటే 64 ఎంబీ వృథా. పైగా కొన్ని ప్లేయర్లు వీటినీ పాటలే అనుకుని జాబితాలో చేరుస్తాయి, నొక్కితే ఏమీ మోగదు. నిస్సంకోచంగా తీసేయవచ్చు.

విండోస్ వాడేవారికి ఎదురయ్యేది వేరే రకం. కేబుల్‌ను ఉన్నట్టుండి లాగేయడం వల్లనో బ్యాటరీ అయిపోవడం వల్లనో ఫైళ్ల పట్టిక చెడిపోతే, ఏ ఫైలుకూ చెందని ముక్కలు మెమరీలో మిగిలిపోతాయి. ఆ చోటు నిండినట్టే లెక్క, కానీ అందులో ఏముందో చూపించే ఫైలు ఉండదు. డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోని టూల్స్ విభాగంలో చెక్ బటన్ నొక్కితే విండోస్ ఆ పట్టికను సరిచేస్తుంది. ఆ క్రమంలో దొరికిన ముక్కలను ఫౌండ్.000 అనే దాగిన ఫోల్డర్‌లో పడేయవచ్చు. పాటలన్నీ సరిగ్గా మోగుతున్నాయని నిర్ధారించుకున్న తరువాత ఆ ఫోల్డర్‌ను తీసేయండి.

సిస్టమ్ అనే పేరున్నవాటిని, అర్థంకాని పేర్లతో ప్లేయర్ తానే సృష్టించుకున్న ఫైళ్లను మాత్రం ముట్టుకోవద్దు. వాటి నుంచి వచ్చే లాభం కొన్ని కేబీలు, పోతే పోయేది మొత్తం ప్లేయర్.

4. బొమ్మల బరువు తగ్గించండి

ఆల్బమ్ ముఖచిత్రాన్ని పాట ఫైలులోపలే పొదిగి ఉంచడం ఇప్పుడు మామూలు. చిత్రం 1.5 ఎంబీ ఉండి, ఆల్బమ్‌లో పన్నెండు పాటలుంటే, అదే చిత్రం పన్నెండుసార్లు కూర్చుని 18 ఎంబీ తీసుకుంటుంది. వంద ఆల్బమ్‌లకు 1.8 జీబీ. ఇదంతా రెండు అంగుళాల తెర మీద చూడటానికి! ఎమ్‌పీ3ట్యాగ్ వంటి సాఫ్ట్‌వేర్‌లో పాటలన్నిటినీ ఒకేసారి ఎంచుకుని పెద్ద చిత్రాన్ని తీసివేసి, 300 పిక్సెళ్ల చదరపు చిత్రం పెడితే పాటకు కొన్ని పదుల కేబీలతో సరిపోతుంది. చిత్రాన్ని ప్రోగ్రెసివ్ (మసకగా మొదలై క్రమంగా స్పష్టమయ్యే రకం) కాని మామూలు జేపెగ్‌గా భద్రపరచండి, ఎందుకంటే పాత ప్లేయర్లలో చాలావాటికి ప్రోగ్రెసివ్ చిత్రాలు చూపడం రాదు. చిత్రం తీసేసినా ఫైలు సైజు తగ్గకపోతే, అది ఉన్న చోటు ట్యాగులో, అంటే పాట పేరు, గాయకుల వంటి వివరాలు ఫైలులో ఉండే భాగంలో, ఖాళీగా మిగిలిందని అర్థం. కొత్త ట్యాగు రాయించే ముందు పాత ట్యాగును పూర్తిగా తొలగిస్తే అదీ పోతుంది.

ఇదే సందర్భంలో పేరు చివర కుండలీకరణాల్లో 1 అని ఉన్న ఫైళ్లను, ఒకే పాట రెండు మూడు ఫోల్డర్లలో ఉండటాన్ని గమనించండి. ప్రయాణానికి ఒకటి, వ్యాయామానికి ఒకటి అని ఫోల్డర్లు కట్టి అవే పాటలను మళ్లీ మళ్లీ కాపీ చేసే అలవాటు చాలామందికి ఉంది. దానికి బదులు ప్లేలిస్టు చేసుకోవాలి. ప్లేలిస్టు అంటే పాటల చిరునామాలు రాసిన చిన్న అక్షరాల ఫైలు మాత్రమే, వంద పాటలున్నా కొన్ని కేబీలు దాటదు.

5. లావెక్కిన పాటలను కుదించండి

నాలుగు నిమిషాల పాట వేవ్‌లో 42 ఎంబీ, ఫ్లాక్‌లో (నాణ్యత ఏమీ పోకుండా కుదించే పద్ధతి) దాదాపు 25 ఎంబీ, 320 కేబీపీఎస్ ఎమ్‌పీ3లో 9.6 ఎంబీ, 128లో 3.8 ఎంబీ ఉంటుంది. పాత ప్లేయర్‌లో, మామూలు ఇయర్‌ఫోన్‌తో, నడుస్తూనో బస్సులో కూర్చునో వినేవారికి ఫ్లాక్ అవసరం లేదని నా అభిప్రాయం. అసలు ఫ్లాక్ ఫైళ్లను కంప్యూటర్‌లోనే ఉంచి, వాటి నుంచి 192 కేబీపీఎస్ ఎమ్‌పీ3లు తయారుచేసి ప్లేయర్‌లో పెట్టుకుంటే అదే చోటులో నాలుగింతల పాటలు పడతాయి. దీనికి ఫూబార్2000 వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు.

ఇప్పటికే ఎమ్‌పీ3గా ఉన్నవాటిని ఇంకా కుదించడం మాత్రం జిరాక్స్ కాపీకి జిరాక్స్ తీసినట్టు. మొదటి కుదింపులో పోయింది పోగా, రెండో కుదింపు తన వంతు ఇంకొంత తీసేస్తుంది. 320 నుంచి 192కు దించితే చాలామంది చెవికి తేడా తెలియదు గాని, 128లో ఉన్నదాన్ని 96కు దించితే కంచు తాళాల చప్పుడు నీళ్లలో మునిగినట్టు వినిపిస్తుంది. 128ని 320గా మారిస్తే బాగుపడుతుందనుకోవడం కూడా భ్రమ. సైజు రెండున్నర రెట్లవుతుంది, పోయిన ధ్వని తిరిగి రాదు. మాటలే ఉండే ప్రసంగాలు, ఆడియో పుస్తకాలు, పాడ్‌కాస్టులను మాత్రం నిర్భయంగా 64 కేబీపీఎస్ మోనోకు దించవచ్చు. గంటకు 29 ఎంబీలోపే ఉంటాయి, స్పష్టత తగ్గదు.

6. ఐపాడ్ అయితే దారి వేరు

ఐపాడ్ 2001లో 5 జీబీ డిస్క్‌తో వచ్చింది, 2022లో చివరి మోడల్ అమ్మకాన్ని ఆపేశారు. ఇప్పటికీ వాడకంలో ఉన్న క్లాసిక్, నానో, షఫుల్ మోడళ్లలో పాటలు దాగిన ఫోల్డర్లలో నాలుగక్షరాల అర్థంలేని పేర్లతో ఉంటాయి. ఏది ఏ పాటో చెప్పే పట్టిక విడిగా ఉంటుంది. ఎక్స్‌ప్లోరర్‌లోకి వెళ్లి ఆ ఫైళ్లను తీసేస్తే పట్టికకు తెలియదు కాబట్టి, పేర్లు జాబితాలో అలాగే ఉండి పాటలు మోగవు. అందువల్ల తొలగింపులన్నీ విండోస్‌లో ఐట్యూన్స్ ద్వారా, 2019 నుంచి వచ్చిన మ్యాక్ వెర్షన్లలో ఫైండర్ ద్వారానే చేయాలి. అక్కడే ఎక్కువ బిట్‌రేట్ (కేబీపీఎస్) ఉన్న పాటలను 128 కేబీపీఎస్ ఏఏసీగా (ఎమ్‌పీ3 లాంటి మరో కుదింపు పద్ధతి) మార్చి ఎక్కించే ఎంపిక కూడా ఉంది. కంప్యూటర్‌లోని అసలు పాట చెక్కుచెదరదు. ఐట్యూన్స్ లేదా ఫైండర్ తెర కింది పట్టీలో అదర్ అనే భాగం ఒకటి రెండు జీబీలకు పెరిగి ఉంటే, లైబ్రరీ కంప్యూటర్‌లో భద్రంగా ఉందో లేదో చూసుకుని రీస్టోర్ చేయడమే సులువైన పని. రీస్టోర్ అన్నిటినీ చెరిపేస్తుందన్న సంగతి మరవద్దు.

7. అప్పటికీ చాలకపోతే

ఇతర ప్లేయర్లలో ఇదే పని ఫార్మాట్ చేస్తుంది. కంప్యూటర్ నుంచి కాకుండా ప్లేయర్ సొంత మెనూలో ఉండే ఫార్మాట్‌నే వాడండి. కంప్యూటర్ నుంచే చేయాల్సి వస్తే ఫైళ్లను అమర్చే పద్ధతిగా ఫ్యాట్32 ఎంచుకోవాలి, ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే మరో పద్ధతికి మారిస్తే పాత ప్లేయర్లు చాలావరకు దాన్ని చదవలేవు. తరువాత నకలు నుంచి పాటల ఫోల్డర్లను మాత్రమే తిరిగి ఎక్కించండి.

మైక్రోఎస్‌డీ కార్డు పెట్టే వీలున్న ప్లేయర్ అయితే ఈ శ్రమలో సగం తప్పుతుంది. పాతవి ఎక్కువగా 32 జీబీ దాకా ఉండే ఎస్‌డీహెచ్‌సీ కార్డులనే గుర్తిస్తాయి కాబట్టి అంతకన్నా పెద్దది కొనేముందు మోడల్ వివరాలు చూసుకోవాలి.

ఇక పాటలనే తీయాల్సి వస్తే సైజు ప్రకారం వరుస పెట్టి పైనుంచి చూడండి. గంటసేపు ఏకధాటిగా సాగే ఫైలు ఒకటి తీస్తే పదిహేను పాటలు బతుకుతాయి. మొత్తం నింపేయకుండా కొన్ని వందల ఎంబీలు వదలాలి, ఎందుకంటే పాటల పట్టిక రాసుకోవడానికి ప్లేయర్‌కూ చోటు కావాలి. పని ముగిశాక సేఫ్‌గా ఎజెక్ట్ చేసి కేబుల్ తీయగానే ప్లేయర్ ఆ పట్టికను కొత్తగా కట్టుకోవడం మొదలుపెడుతుంది. పాటలు వేలల్లో ఉంటే కొన్ని నిమిషాలు పట్టవచ్చు, అంతవరకూ బటన్లు నొక్కకుండా పక్కన పెట్టండి. ప్రతిసారీ ఒకే చోట ఆగిపోతుంటే మాత్రం, చివరగా ఎక్కించిన ఫోల్డర్‌ను బయటికి తీసి, అందులోని పాటలను కొద్దికొద్దిగా మళ్లీ ఎక్కిస్తూ పోతే, ట్యాగు చెడిపోయిన ఆ ఒక్క ఫైలు ఏదో బయటపడుతుంది.