కారు ఫ్రిజ్‌కి వైరు విడిగా లాగండి

వైజాగ్ నుంచి లంబసింగి, వంజంగి వైపు క్యాంపింగ్‌కి వెళ్లేవాళ్లు 12 వోల్టుల ఫ్రిజ్‌ని డిక్కీలోని సాకెట్‌కే పెట్టేస్తుంటారు. ఆ వైరు సన్నం. 1 స్క్వేర్ ఎంఎం వైరులో రానుపోను 10 మీటర్లకి 5 ఆంపియర్లు లాగితే దాదాపు 0.9 వోల్టు దారిలోనే పోతుంది. బ్యాటరీ బాగానే ఉన్నా ఫ్రిజ్ మాత్రం చార్జింగ్ లేదనుకుని అర్ధరాత్రి ఆగిపోతుంది, తెల్లారేసరికి చేపలు పాడు. అదే బ్యాటరీ నుంచి డిక్కీదాకా విడిగా 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగితే నష్టం 0.15 వోల్టే.

బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపే 20 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టండి. డిక్కీ దగ్గర పెడితే దండగ: మధ్యలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలితే ఫ్యూజ్ కాలదు, వైరే కాలుతుంది. ఇంజన్ వైపు నుంచి లోపలికి వచ్చే రంధ్రంలో రబ్బరు గ్రామెట్ (వైరు ఒరుసుకోకుండా రంధ్రం అంచుకి తొడిగే రింగు) తప్పనిసరి. మైనస్ టెర్మినల్ మీద బ్యాటరీని కొలిచే సెన్సర్ ఉన్న బండ్లలో ఎర్త్‌ని (మైనస్ వైరుని) బ్యాటరీకి కాకుండా ఛాసిస్ బోల్టుకే ఇవ్వాలి.

మన సముద్రపు గాలికి లగ్గుల్లో (వైరు చివర బోల్టుకి బిగించే లోహపు ముక్కల్లో) పచ్చటి చిలుము పడుతుంది. అందుకని తగరం పూత ఉన్న వైరు కొనండి, లగ్‌ని క్రింప్ చేసి (పనిముట్టుతో వైరు మీద గట్టిగా నొక్కి), లోపల జిగురుండే హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి తగిలితే ముడుచుకుని బిగుసుకునే గొట్టం) తొడగండి. ఎర్త్ బోల్టు కింద పెయింటు గీకి తళతళలాడే ఇనుము కనిపించాకే బిగించి, పైన వ్యాజిలిన్ పట్టించండి.