టార్, ఐటూపీ, హైఫానెట్: ఎవరి కంట పడకూడదో ముందు తేల్చుకోండి

జిల్లాల్లో పనిచేసే విలేకరులకు నేను నెట్ భద్రత క్లాసులు చెబుతుంటాను. నెట్‌లో మనమెవరో దాచిపెట్టే టార్, ఐటూపీ, హైఫానెట్ అనే నెట్‌వర్క్‌ల మాట వచ్చినప్పుడు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు: "మేడమ్, వీటిలో ఏది బెస్ట్?" జవాబు చెప్పే ముందు నేనే రెండు ప్రశ్నలు వేస్తాను. మీరు చేసేది ఎవరికి తెలియకూడదు? మీరు వెళ్లాల్సిన సైటు మామూలు ఇంటర్నెట్‌లో ఉందా, ఆ నెట్‌వర్క్ లోపలే ఉందా? ఈ రెండూ తేలితే ఎంపిక సగం అయిపోయినట్టే.

"వీపీఎన్ ఉంది కదా" అంటారు చాలామంది. వీపీఎన్ అంటే మీ నెట్ వాడకాన్ని ఒక కంపెనీ తన సర్వర్ గుండా పంపడం. ఆ కంపెనీకి మీరెవరో తెలుసు, మీరు ఎక్కడికి వెళ్తున్నారో కూడా తెలుసు. పైగా వినియోగదారుల పేర్లు, చిరునామాలు, వాళ్లకిచ్చిన ఐపీలు (నెట్‌లో గుర్తింపు నంబర్లు) 5 ఏళ్లు దాచాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలిచ్చింది. ఆ తర్వాత కొన్ని పెద్ద కంపెనీలు మన దేశంలోని సర్వర్లను ఎత్తేశాయి. కేఫ్ వైఫైలో పని చేసుకోవడానికి వీపీఎన్ చాలు. మీకు సమాచారం ఇచ్చిన మనిషిని కాపాడాలంటే మాత్రం చాలదు.

అక్కడ టార్ కావాలి. మీరు పంపేది మూడు రిలేల (మధ్యవర్తి సర్వర్ల) గుండా వెళ్తుంది, కవరులో కవరు పెట్టి పంపినట్టు. మొదటి రిలేకి మీరెవరో తెలుస్తుంది గానీ గమ్యం తెలియదు. చివరిదానికి గమ్యం తెలుస్తుంది, మీరు తెలియరు. మధ్యదానికి రెండూ తెలియవు. ఈ పద్ధతి పుట్టింది అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో, 1990ల్లో. ఆ మాట చెప్పగానే క్లాసులో అనుమానం మొదలవుతుంది. కానీ నౌకాదళం ఒక్కటే వాడితే, అందులోంచి వచ్చే ప్రతిదీ నౌకాదళానిదేనని ఎవరైనా చెప్పేస్తారు. రకరకాల జనం వాడితేనే అందులో ఎవరైనా కలిసిపోగలరు. అందుకే దాన్ని అందరికీ తెరిచారు. కోడ్ కూడా బహిరంగంగానే ఉంది.

టార్ బ్రౌజర్‌ను టార్ ప్రాజెక్ట్ సొంత సైటు నుంచే దించుకోండి. ఆండ్రాయిడ్‌కు అధికారిక యాప్ ఉంది. ఐఫోన్‌లో ఆనియన్ బ్రౌజర్ వాడండి. కనెక్ట్ నొక్కితే పని మొదలవుతుంది. యాడాన్లు వేయకండి, కిటికీ సైజు మార్చకండి. అందరి బ్రౌజర్లూ ఒకేలా కనిపించడమే దాని బలం. డాలు గుర్తు దగ్గర భద్రత స్థాయి పెంచుకోవచ్చు. అన్నిటికన్నా పై స్థాయిలో జావాస్క్రిప్ట్ (సైటు మీ బ్రౌజర్‌లో నడిపే కోడ్) పూర్తిగా ఆగిపోతుంది, కొన్ని సైట్లు సరిగా తెరుచుకోవు. ముఖ్యమైన పని ఉన్నప్పుడు ఆ ఇబ్బంది భరించండి. మీ పేరున్న జీమెయిల్‌లోకి అందులోంచి లాగిన్ అయితే మీరెవరో గూగుల్‌కి మీరే చెప్పినట్టు.

ఇప్పుడు నేను ఎక్కువసేపు చెప్పే విషయం. మీరు టార్‌లో ఏం చేస్తున్నారో మీ నెట్ కంపెనీకి కనిపించదు. టార్ వాడుతున్నారన్న సంగతి కనిపిస్తుంది. 2013 డిసెంబర్‌లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి ఉత్తుత్తి బాంబు బెదిరింపు మెయిల్ వచ్చింది. పంపిన విద్యార్థి టార్ వాడాడు, కానీ క్యాంపస్ వైఫై మీదే వాడాడు. ఆ సమయంలో అక్కడ టార్ ఎవరు వాడారో చూసి దర్యాప్తు అధికారులు అతని దగ్గరికి వెళ్లారు. టార్ గుట్టు ఎవరూ విప్పలేదు, ఆ అవసరమే రాలేదు. అతను చేసింది నేరం, పట్టుకోవడం న్యాయమే. కానీ ఆఫీసులో అక్రమం గురించి విలేకరికి చెప్పాలనుకునే ఉద్యోగికి కూడా ఇదే ప్రమాదం. అందుకే ఆఫీసు వైఫై మీద, ఆఫీసు కంప్యూటర్‌లో ఆ పని వద్దని వాళ్లకు చెప్పండి. టార్ వాడకమే కనిపించకూడదంటే సెట్టింగుల్లో బ్రిడ్జ్ (టార్‌లోకి చాటు దారి) పెట్టుకోవాలి: ఓబీఎఫ్ఎస్4, లేదా స్నోఫ్లేక్ అనే రకం. అది కూడా పూర్తి హామీ కాదు, గుర్తించడాన్ని కష్టం చేస్తుంది.

ఐటూపీ దారి వేరు. అది ముఖ్యంగా లోపలి లోకం కోసం: డాట్ ఐటూపీ సైట్లు, లోపలి మెయిల్, ఫైళ్ల పంపకం. వెళ్లే దారి, వచ్చే దారి విడివిడిగా ఉంటాయి. మామూలుగా వాడేవాళ్లందరూ ఇతరుల డేటాను కూడా మోస్తారు, కాబట్టి మీరు ఐటూపీలో ఉన్నారన్నది మిగతావాళ్లకు తెలుస్తుంది. ఇన్‌స్టాల్ చేశాక కాసేపు ఓపిక పట్టండి. కంప్యూటర్ ఎంతసేపు ఆన్‌లో ఉంటే అంత బాగా కుదురుకుంటుంది. వార్తా సైట్లు చదవడానికి ఇది వద్దు. టోరెంట్లకు (వాడేవాళ్లే ఒకరికొకరు పెద్ద ఫైళ్లు పంచుకోవడానికి) మాత్రం టార్ కన్నా ఇదే సరైన చోటు.

హైఫానెట్ 2000లో ఫ్రీనెట్ పేరుతో మొదలైంది. మీ డిస్క్‌లో కొంత చోటిస్తే అందులో ఎవరెవరివో ఫైళ్ల ముక్కలు ఎన్‌క్రిప్ట్ అయి (తాళం లేనివాళ్లు చదవలేని రూపంలో) ఉంటాయి. పత్రం పెట్టినవాళ్లు కంప్యూటర్ ఆపేసినా అది నెట్‌వర్క్‌లో ఉంటుంది. ఎవరూ అడగకపోతే క్రమంగా కనుమరుగవుతుంది.

మొత్తం నెట్‌ను రెండు చివర్లా గమనిస్తూ సమయాలను పోల్చి చూడగల శత్రువు ముందు టార్ నిలబడలేదు. ఆ మాట దాన్ని చేసినవాళ్లే చెబుతారు. అలాంటి శత్రువును తట్టుకోవడానికి నిమ్ లాంటి మిక్స్‌నెట్‌లు వస్తున్నాయి. ఇవి ప్యాకెట్లను (డేటా ముక్కలను) ఆలస్యం చేసి, కలిపేసి, నకిలీ ట్రాఫిక్ కూడా జోడిస్తాయి. వేగం తగ్గుతుంది. మండల స్థాయి విలేకరికి వీటి అవసరం అరుదు.

పత్రాలు తీసుకోవడానికి నేను ఆనియన్‌షేర్ అనే ఫైళ్లు పంపే సాఫ్ట్‌వేర్ నేర్పిస్తాను. అది టార్ మీదే నడుస్తుంది, ఫైలు మధ్యలో ఏ కంపెనీ సర్వర్‌లోనూ ఆగదు. పంపే ముందు ఫొటోలోని లొకేషన్, వర్డ్ ఫైల్‌లోని రచయిత పేరు తీసేయమనండి. వాటిని ఏ నెట్‌వర్కూ తుడవదు.