జమైకా వాళ్ల పార్డ్‌నర్ ఎలా నడపాలి

1948లో కరేబియన్ వలసదారులతో విండ్‌రష్ ఓడ వచ్చాక బ్రిటన్‌లో స్థిరపడిన కరేబియన్ వాళ్లకి బ్యాంకు లోన్ దొరకడం చాలా కష్టంగా ఉండేది, అందుకే ఊరి నుంచి తెచ్చుకున్న ఈ పార్డ్‌నర్‌తోనే, అంటే అందరూ డబ్బు వేసి వంతులవారీగా తీసుకునే పొదుపుతోనే చాలామంది ఇళ్లకి డిపాజిట్ కట్టుకున్నారు, నాకైతే పార్డ్‌నర్ చేసిన మేళ్లలో ఇంతకు మించింది కనిపించదు.

ముందు అందరూ నమ్మే ఒకరిని బ్యాంకర్‌గా, అంటే డబ్బు వసూలు చేసి పంచే మనిషిగా పెట్టుకోండి, చాలాచోట్ల వీధిలో అందరికీ తెలిసిన పెద్దావిడే ఉండేది, అసలు భారమంతా ఆవిడదే. పదిమంది వారానికి 20 పౌండ్లు వేస్తే వారానికొకరికి 200 వస్తాయి, దాన్నే డ్రా అంటారు. మన చీటీ లాంటిదే కానీ పాట ఉండదు, వడ్డీ ఉండదు. వరస ముందే రాసుకోండి, అర్జెంటు ఉన్నవాళ్లకి ముందివ్వండి, కొత్తవాళ్లని మాత్రం చివర్లో పెట్టండి. డ్రా అందాక బ్యాంకర్‌కి ఎంతో కొంత ఇవ్వడం మర్చిపోకండి.