దసరా దాటాక విమానం ఎక్కే అమ్మానాన్నలకు: మంచు దేశంలో మొదటి చలికాలం జాగ్రత్తలు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు నుంచి పిల్లల దగ్గరికి అమెరికా, కెనడా వెళ్లే పెద్దవాళ్లలో చాలామంది దసరా చూసుకుని బయల్దేరతారు. మనకి ఉక్కపోత తగ్గే వేళకి అక్కడ మంచు మొదలవుతుంది. అప్పడాల కట్టలకీ ఆవకాయ డబ్బాలకీ మధ్య స్వెట్టర్లు ఇరికిస్తారు గానీ, స్వెట్టరు కాపాడేది బయటి చలి నుంచే. చూసుకోవలసింది అక్కడ చలికి తలుపులన్నీ మూసేసిన ఇంటినీ, గుమ్మం ముందు మెట్లనీ. ఇక్కడ మనకి అలవాటైన పనులే అక్కడ ప్రమాదం తెస్తాయి.

ముందు ఇక్కడి ఇంటి సంగతి. అక్టోబరు మన తీరానికి తుపాను నెల. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర, 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. మేడ మీద ప్లాస్టిక్ ట్యాంకును ఖాళీ చేసి వెళ్లకండి, ఈదురుగాలికి దొర్లిపోతుంది. నిండా నింపి, మూత తాడుతో బిగించి, కిందకొచ్చే వాల్వు కట్టెయ్యండి. మేడ తూములు శుభ్రం చేయించి, కొబ్బరికాయలు దింపించండి. గ్యాస్ రెగ్యులేటరు తీసి, ఫ్రిజ్ ఖాళీ చేసి, తలుపు కొంచెం తెరిచి ఉంచండి, లేకపోతే లోపల బూజు పడుతుంది. రైల్వే, ఇతర కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 80 దాటినవాళ్లు అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు, కాబట్టి ఆ పని చేసేసి వెళ్లడం మేలు. మిగతావాళ్లకి అక్కడి భారత కాన్సులేటులో సంతకం చేయించుకునే వీలుంది.

అక్కడికి వెళ్లాక మొదటి వారంలోనే తెలిసేది గాలి పొడి. మైనస్ 10 డిగ్రీల గాలి ఘనమీటరుకు సుమారు రెండు గ్రాములకు మించి నీటి ఆవిరిని పట్టుకోలేదు. ఇంట్లో హీటరు ఆ గాలినే 21 డిగ్రీలకు వేడి చేస్తుంది. కొత్తగా తేమ చేరదు కాబట్టి గాలిలో తేమ 12 శాతం దగ్గరికి పడిపోతుంది. సముద్రపు గాలికి అలవాటైన ముక్కు అందుకే ఎండిపోయి రక్తం చారలు కనిపిస్తాయి, రాత్రి గొంతు అంటుకుపోతుంది, పాదాలు పగులుతాయి. జలుబనుకుని మాత్రలు మింగితే తగ్గదు.

పడకగదిలో హ్యూమిడిఫయరు (గాలికి తేమ చేర్చే యంత్రం) పెట్టించి, తేమ 30 నుంచి 40 శాతం మధ్య ఉంచండి. తేమ చూపే చిన్న మీటరు విడిగా దొరుకుతుంది. కిటికీ అద్దాల లోపలివైపు నీళ్లు కారుతున్నాయంటే తేమ ఎక్కువైనట్టే, తగ్గించకపోతే గోడ మూలల్లో బూజు కడుతుంది. హ్యూమిడిఫయరులో కుళాయి నీళ్లు పోస్తే కొన్ని రకాల్లో తెల్లటి పొడి గదంతా రాలుతుంది, డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి. నీళ్లు రోజూ మార్చాలి. నిలవ నీళ్లలో పెరిగిన క్రిములను ఆ యంత్రం నేరుగా మీ ఊపిరిలోకి ఊదుతుంది. స్నానం గోరువెచ్చని నీళ్లతో పది నిమిషాల్లో ముగించి, ఒంటి మీద తడి పూర్తిగా ఆరకముందే క్రీమో, కొబ్బరినూనో రాసుకోండి. 24 డిగ్రీల లోపు కొబ్బరినూనె గడ్డ కడుతుంది, పాడైందని పారెయ్యకండి. షుగరు ఉన్నవాళ్లు రాత్రి పడుకునేముందు మడమల పగుళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి. దాహం వేయదు కాబట్టి నీళ్లు మరిచిపోతారు. చెంబు ఎదురుగా పెట్టుకోవడమే దానికి మందు.

ఇక కార్బన్ మోనాక్సైడ్, అంటే బొగ్గో గ్యాసో పెట్రోలో సరిగ్గా కాలనప్పుడు పుట్టే విషవాయువు. కోరాపుట్, సెమిలిగుడ వైపు చలికి కుంపటి దగ్గర కూర్చోవడం మామూలే. మన ఇళ్లలో తలుపు సందుల్లోంచీ పెంకుల మధ్య నుంచీ గాలి ఆడుతుంది. అక్కడి ఇల్లు చలి దూరకుండా కట్టినది, పొగ పోయే దారి ఉండదు. అందుకని బొగ్గుల మీద సాంబ్రాణి వెయ్యకూడదు. బార్బెక్యూ పొయ్యి లోపలికి తేకూడదు. చేతులు కాచుకోవడానికి గ్యాస్ పొయ్యో ఓవెనో వెలిగించి వదలకూడదు. గరాజులో కారు స్టార్ట్ చేసి ఉంచకూడదు. తలుపు పైకెత్తి ఉన్నా పొగ ఇంట్లోకి వస్తుంది. ఈ వాయువుకు వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వికారం, మగతగా మొదలవుతుంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి వెళ్తే తగ్గుతోందంటే అనుమానించాల్సింది దీన్నే.

ప్రతి అంతస్తులో, పడకగదుల దగ్గర అలారం ఉందో లేదో మొదటి రోజే పిల్లల్ని అడగండి. దాని వెనక తయారీ తేదీ ఉంటుంది. రకాన్ని బట్టి అయిదు నుంచి పదేళ్లకు మార్చాలి. మూడేసి కూతలు కూస్తే పొగ లేదా మంట, నాలుగేసి కూస్తే కార్బన్ మోనాక్సైడ్, నిమిషానికోసారి ఒక్క చిన్న కిచ్‌మంటే బ్యాటరీ అయిపోతోందని. నాలుగు కూతలు వినిపిస్తే బయట ఎంత చలి ఉన్నా, కప్పుకున్న దుప్పటితోనే ముందు బయటికి నడవండి, తర్వాత అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోను చెయ్యండి. చాలా ఇళ్లలో హీటరు పొగగొట్టం పక్కగోడలోంచి తెల్ల ప్లాస్టిక్ పైపుగా బయటికి వస్తుంది. మంచు బాగా పడ్డ రోజు అది మూసుకుపోలేదని ఎవరో ఒకరు చూసి రావాలి, గొట్టం మూసుకుపోతే ఆ పొగ ఇంట్లోకే తిరిగి రావచ్చు.

ఇంటి హీటరు కాక గదిలో పెట్టుకునే విడి కరెంటు హీటరు వాడితే నేరుగా గోడ సాకెట్టులోనే పెట్టాలి. 1500 వాట్ల హీటరు అక్కడి 120 వోల్టుల మీద 12.5 ఆంపియర్లు లాగుతుంది. ఎక్స్‌టెన్షన్ తీగ వేడెక్కి కరుగుతుంది. చీర కొంగు, దుప్పటి, కర్టెను దానికి మీటరు దూరంలో ఉండాలి. తడిబట్టలు దాని మీద ఆరెయ్యడం మన అలవాటు, అది మానెయ్యాలి.

వంటింట్లో పెద్ద గొడవ పోపు. స్టవ్ మీదుండే మైక్రోవేవ్ ఫ్యాను చాలా ఇళ్లలో పొగను బయటికి పంపదు, జాలీలోంచి తిప్పి మళ్లీ గదిలోకే వదులుతుంది. ఎండుమిర్చి వేసేముందు కిటికీ రెండు వేళ్ల మేర తెరవండి, నూనె పొగ రాకముందే పోపు వెయ్యండి. అలారం మోగుతోందని బ్యాటరీ పీకి అల్మారాలో పెట్టడం మాత్రం ఎంత చిరాకేసినా వద్దు. కార్తీకంలో 365 వత్తుల కట్ట వెలిగిస్తే మంట జానెడు లేస్తుంది. అపార్టుమెంట్లలో సీలింగుకు నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు ఉంటాయి, ఒక్కటి తెరుచుకుంటే మీ ఇల్లూ కింది ఇల్లూ తడుస్తాయి. స్టీలు పళ్లెంలో నీళ్లు పోసి అందులో చిన్న ప్రమిద చాలు, గదిలోంచి కదలకుండా. చెక్క బాల్కనీలో అదీ వద్దు.

ఇడ్లీ పిండి పులవదు. ఓవెన్ వేడి చేయకుండా లోపలి లైటు మాత్రం వేసి, పిండి గిన్నె అందులో పెడితే 12 నుంచి 16 గంటల్లో పొంగుతుంది. కొత్త ఓవెన్లలో ఎల్ఈడీ లైటు వేడెక్కదు, అలాంటప్పుడు పక్కన గిన్నెడు వేణ్నీళ్లు పెట్టి తలుపు మూయండి. ఏదైనా సరే, ఓవెన్ మీట మీద ‘లోపల పిండి ఉంది’ అని చీటీ అంటించండి. కోడలో అల్లుడో వచ్చి పిజ్జాకని వేడి చేస్తే గిన్నె, పిండి రెండూ పోతాయి. నెయ్యి, నూనె సింకులో వంపకూడదు, చల్లటి పైపులో గడ్డకట్టి నీరు నిలుస్తుంది. మన మిక్సీ 230 వోల్టులది, అమెరికాలో ట్రాన్స్‌ఫార్మరు లేకుండా తిరగదు. అక్కడే కొనుక్కోండి.

స్నానాల గదిలో టబ్బు బయట నేలకి తూము ఉండదు. మగ్గుతో పోసుకున్న నీళ్లు నేల కిందికి దిగి కింది గది సీలింగు ఉబ్బుతుంది. టబ్బులోనే రబ్బరు చాప వేసి, పట్టుకోవడానికి గోడకి కడ్డీ బిగించాక స్నానం మొదలుపెట్టండి.

గుమ్మం దగ్గర అసలు భయం కనిపించని మంచుకి. తెల్లటి మంచు మీద జారడం తక్కువ. తడి సిమెంటులా నల్లగా మెరిసే చోట కాలు పెడితేనే తుంటి విరుగుతుంది. మెట్ల మీద వేణ్నీళ్లు పోసి కరిగిద్దామని చూడకండి, అయిదు నిమిషాల్లో అవి అద్దంలా గడ్డకడతాయి. రాతి ఉప్పు పలచగా చల్లాలి, గుప్పెళ్లు కుమ్మరించాల్సిన పనిలేదు. మన నౌపడ, హుమా మడుల్లో పండేదీ అదే ఉప్పు, సమయానికి వంట ఉప్పయినా పనిచేస్తుంది. అయితే మైనస్ 9 డిగ్రీల కిందకి ఉప్పు బలం తగ్గిపోతుంది, అప్పుడు కాల్షియం క్లోరైడ్ అనే మరో లవణం కావాలి, లేదా కాలు పట్టు దొరకడానికి ఇసుక. పాదం పూర్తిగా ఆనించి చిన్న చిన్న అడుగులు వెయ్యండి, చేతులు జేబుల్లోంచి తీసి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు మంచు ఎత్తే పార ముట్టుకోవద్దు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, పైగా బరువెత్తడం గుండెకి రెండింతల పని.

బట్టల విషయంలో ఒక్క మాట: డబ్బంతా కోటు మీద పెట్టకుండా సగం బూట్ల మీద పెట్టండి. ఒంటికి తగిలే బట్ట నూలుది కాకూడదు, చెమట పీల్చి తడిగానే ఉండిపోతుంది. ఉన్ని గానీ పాలిస్టరు గానీ మేలు. బిగుతు బూట్లలో రెండు జతల మేజోళ్లు వేస్తే రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి, బిగుతు మట్టెలతోనూ అంతే. చీర అంచు మంచులో తడిసి బరువెక్కి కాళ్లకి చుట్టుకుంటుంది, బయటికి సల్వారు నయం. వేలి కొన తెల్లబడి మొద్దుబారితే రుద్దకండి, హీటరుకి ఆనించకండి, స్పర్శ లేని చోట కాలినా తెలియదు. 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీటిలో ముంచండి. స్పర్శ రాకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

మందులు ఉండే రోజులకు సరిపడా, పైన రెండు వారాలకు ఎక్కువ పట్టుకెళ్లండి. చీటీలో కంపెనీ పేరు కాక మందు పేరు రాయించుకోండి. పారాసెటమాల్ అంటే అక్కడ దుకాణంలో తెలియకపోవచ్చు, అసిటమినోఫెన్ అని అడగాలి. జలుబు సిరప్పుల్లోనూ అదే ఉంటుంది కాబట్టి రెండూ కలిపి వేసుకుంటే మోతాదు మించుతుంది. ఇన్సులిన్ చేతి సంచీలోనే ఉంచండి, కారులో వదలకండి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. ఫ్లూ టీకా బలం రావడానికి రెండు వారాలు పడుతుంది, దాన్ని బట్టి ముందే వేయించుకోండి.

కరెంటు పోతే గ్యాస్ హీటరు కూడా ఆగిపోతుంది, దాని ఫ్యాను కరెంటుదే. అందరూ ఒకే గదిలో చేరండి. కుళాయిలు సన్నటి ధారగా వదలండి, సింకు కింద అల్మారా తలుపులు తెరిచి ఉంచండి. పైపులో నీరు గడ్డకడితే వ్యాకోచించి పైపు పగులుతుంది, కరిగాక ఇల్లంతా నీళ్లు. అందుకే మెయిన్ వాల్వు ఎక్కడుందో పిల్లలు ఆఫీసుకు వెళ్లకముందే తెలుసుకోండి. రెండు రోజులు ఊరెళ్లినా హీటరు 13 డిగ్రీల కిందకి దించకండి.

ఫిబ్రవరి చివర ఎండ వచ్చిందని బూట్లు అటకెక్కిస్తారు. అప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి: పగలు కరిగిన మంచు రాత్రికి మళ్లీ గడ్డకట్టి, పొద్దున్న పాల ప్యాకెట్టుకో నడకకో బయల్దేరే వేళకి మెట్ల మీద గాజు పొరలా ఉంటుంది. చూరు నుంచి వేలాడే మంచు ఊచల కింద కూడా నిలబడకూడదు. ఉగాది వరకూ ఉప్పు బకెట్టు గుమ్మం పక్కనే ఉండాలి.